ఈ క్షణానికి తెలిసింది ఎంత? మార్కోవ్, పాయిజాన్, మార్టింగేల్‌లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం యాదృచ్ఛిక ప్రక్రియల మీదే ఉన్నాయి. అడిగింది మూడు వేర్వేరు అధ్యాయాల నుంచే అయినా, లెక్క తప్పిన చోటు మాత్రం దాదాపు అన్నిటిలోనూ ఒకటే. ఏ సమాచారం చేతిలో ఉండగా లెక్క వేస్తున్నామో తేల్చుకోకుండానే సూత్రం పెట్టేస్తున్నారు. జవాబులు చదివేటప్పుడు పక్కన కాగితం, పెన్సిలు ఉంచుకోండి. ఇక్కడి అంకెలన్నీ చేత్తో సరిచూసుకోగలిగినవే.

ప్రశ్న: వర్తమానం తెలిస్తే గతంతో పని లేదన్నదే మార్కోవ్ ధర్మం అని చదివాను. ఒక గొలుసుకు (అడుగడుగునా ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి యాదృచ్ఛికంగా మారే ప్రక్రియకు) ‘క’, ‘చ’, ‘ట’ అని మూడు స్థితులు. మొదటి అడుగులో ‘క’లో ఉందనీ, రెండో అడుగులో ‘చ’ లేదా ‘ట’లో ఉందనీ చెప్పి, మూడో అడుగులో ‘క’లో ఉండే సంభావ్యత అడిగారు. మొదటి అడుగును కొట్టేసి చేశాను. మార్కులు పోయాయి. ఎందుకు?

జవాబు: మీరు కొట్టేసిన ఆ మొదటి అడుగులోనే సమాచారమంతా ఉంది. గతాన్ని వదిలేయడానికి ధర్మం ఒక షరతు పెడుతుంది: వర్తమాన స్థితి ఏదో కచ్చితంగా తెలియాలి. "‘చ’ లేదా ‘ట’" అంటే స్థితి తెలిసినట్టు కాదు, ఆ రెంటిలో ఏదో ఒకటని మాత్రమే తెలుసు. ఆ రెంటిలో ఏది అన్నది తేల్చుకోవడానికి గతం పనికొస్తుంది.

అన్నిటికన్నా చిన్న ఉదాహరణ తీసుకుందాం. ‘క’ నుంచి ‘చ’కు, ‘చ’ నుంచి ‘ట’కు, ‘ట’ నుంచి తిరిగి ‘క’కు ప్రతి అడుగూ సంభావ్యత 1తో జరుగుతుందనుకోండి. మొదటి అడుగులో మూడు స్థితులకూ తలా 1/3. రెండో అడుగులో ‘చ’ లేదా ‘ట’లో ఉందని మాత్రమే చెబితే రెండింటికీ చెరి సగం. ‘ట’ అయితేనే మూడో అడుగు ‘క’ అవుతుంది కాబట్టి జవాబు 1/2. మొదటి అడుగు ‘క’ అని కూడా చెబితే, రెండో అడుగు తప్పకుండా ‘చ’, మూడోది తప్పకుండా ‘ట’. ‘క’లో ఉండే సంభావ్యత 0. గతాన్ని కొట్టేస్తే సగం, ఉంచితే సున్నా. ఇంతకన్నా పెద్ద తేడా ఉండదు.

సరైన పద్ధతిలో మూడు మెట్లున్నాయి. ముందు, ఇచ్చిన సమాచారమంతా (గతంతో సహా) వాడి, రెండో అడుగులో ‘చ’కు ఎంత, ‘ట’కు ఎంత అని విడివిడిగా కనుక్కోండి. తర్వాత ఒక్కొక్క స్థితి నుంచి మూడో అడుగు సంభావ్యతను మాత్రికలోంచి, అంటే ఏ స్థితి నుంచి ఏ స్థితికి ఎంత సంభావ్యతో చూపే పట్టికలోంచి, తీసుకోండి. గతాన్ని వదిలేసే హక్కు ఇక్కడే వస్తుంది. చివరగా రెంటినీ హెచ్చించి కూడండి.

ఇదే పొరపాటు ఇంకో వేషంలో కూడా వస్తుంది. లెక్క తేలికవుతుందని ‘చ’, ‘ట’లను కలిపి ఒకే స్థితిగా చేసేస్తారు. మొదట గొలుసు ఏ స్థితిలో ఉన్నా కలిపినది మార్కోవ్ గొలుసుగానే నిలవాలంటే ఒక పరీక్ష ఉంది. గుంపులోని ప్రతి స్థితి నుంచీ బయటి ఒక్కో గుంపుకు వెళ్ళే మొత్తం సంభావ్యత సమానంగా ఉండాలి. పై ఉదాహరణలో ‘చ’ నుంచి ‘క’కు 0, ‘ట’ నుంచి ‘క’కు 1. పరీక్ష తప్పింది, కలపకూడదు. దీనికి తిరుగు మార్గం కూడా గుర్తుంచుకోదగ్గదే. రేపు ఏమవుతుందన్నది నిన్న, ఈరోజు రెంటి మీదా ఆధారపడితే (నిన్న, ఈరోజు) అన్న జతనే స్థితిగా తీసుకోండి. రెండు విలువలున్న ప్రక్రియకు నాలుగు జతలొస్తాయి. మాత్రికలోని 16 గడుల్లో కనీసం 8 సున్నాలే ఉంటాయి, ఎందుకంటే కొత్త జతలోని మొదటి అంశం పాత జతలోని రెండో అంశమే అయి తీరాలి. ఆ సున్నాలు సరైన చోట పడ్డాయో లేదో చూసుకుంటే చాలు, సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

ప్రశ్న: చేతిలో డేటా ఉంది. అది మార్కోవ్ గొలుసేనా అని చూడడం ఎలా? పుస్తకాలన్నీ మాత్రిక ఇచ్చేసి మొదలుపెడతాయి.

జవాబు: దీన్ని మొదట చేసి చూపించింది రష్యా గణితవేత్త మార్కోవే. 1913లో ఆయన పుష్కిన్ కావ్యం ‘యెవ్గేనీ అనేగిన్’ నుంచి వరుసగా 20,000 అక్షరాలు తీసుకుని, ఉచ్చారణ లేని రెండు రష్యన్ గుర్తులను వదిలేసి, అచ్చులు, హల్లులు చేత్తో లెక్కపెట్టారు. అచ్చులు 8,638, హల్లులు 11,362. పక్కపక్కనే రెండు అచ్చులు వచ్చిన సందర్భాలు 1,104.

ఇక లెక్క మనదే. అచ్చు తర్వాత అచ్చు వచ్చే సంభావ్యత 1,104 ÷ 8,638, అంటే 0.128. మిగిలిన 7,534 అచ్చులు హల్లు తర్వాత వచ్చినవి. కాబట్టి హల్లు తర్వాత అచ్చు వచ్చేది 7,534 ÷ 11,362, అంటే 0.663. అక్షరాలు ఒకదానికొకటి స్వతంత్రమైతే ఈ రెండూ మొత్తంలో అచ్చుల వాటా అయిన 0.432 దగ్గరే ఉండాలి. ఆ ఛాయలకు కూడా రాలేదు. స్వతంత్రత లేకపోయినా సగటుల సూత్రం పనిచేస్తుందని మార్కోవ్ 1906లోనే నిరూపించారు. ఆ సగటుల సూత్రానికి (పెద్ద సంఖ్యల నియమానికి) స్వతంత్రత తప్పనిసరి అన్న మరో రష్యా గణితవేత్త నెక్రాసోవ్ వాదనను ఖండించడానికి పుట్టినవే ఈ గొలుసులు.

మీ ప్రశ్నకు జవాబు మాత్రం తర్వాతి మెట్టులో ఉంది. జతలతో ఆగకుండా మూడేసి అక్షరాల వరుసలూ లెక్కపెట్టాలి. మార్కోవ్ అదీ చేశారు. రెండు అచ్చుల తర్వాత మూడోదీ అచ్చే అయ్యే సంభావ్యత 0.104. ఒక్క అచ్చు తర్వాతయితే 0.128 కాబట్టి తేడా ఉంది గానీ చిన్నదే. హల్లుల సంగతి వేరు. ఒక హల్లు తర్వాత హల్లు వచ్చేది 0.337, రెండు హల్లుల తర్వాత మూడో హల్లు వచ్చేది 0.132 మాత్రమే. అంటే ‘ఇప్పుడు హల్లు’ అన్న సమాచారం ఒక్కటే చాలదు, దాని ముందు ఏముందో కూడా కావాలి. అచ్చు, హల్లు అని రెండే స్థితులు పెట్టుకుంటే ఇప్పటి స్థితిని మాత్రమే చూసే మార్కోవ్ గొలుసు ఈ డేటాకు సరిపోదు.

మీ డేటాకూ ఇదే క్రమం పాటించండి. జతలు లెక్కపెట్టండి, మూడేసి వరుసలు లెక్కపెట్టండి, ఒకే వర్తమానం ఉండి వేర్వేరు గతాలున్న వరుసలను పోల్చండి. తేడా యాదృచ్ఛికంగా వచ్చిందా, నిజమైనదా అని కై-స్క్వేర్ పరీక్షతో చూడండి. మూడేసి వరుసల్లో ఏదైనా గడికి ఆశించే సంఖ్య 5 కన్నా తక్కువైతే ఆ పరీక్షను నమ్మొద్దు. స్థితులు ఎక్కువ, డేటా తక్కువ అయినప్పుడు దాదాపు ఎప్పుడూ జరిగేది ఇదే.

ప్రశ్న: స్థిర విభాజనం (అడుగు వేసినా మారని, ఒక్కో స్థితి సంభావ్యతల వాటా) కనుక్కునే ప్రోగ్రామ్ రాశాను. రెండు స్థితుల గొలుసుకు ప్రతిసారీ సగం, సగం అనే వస్తోంది. మొదటి అడ్డు వరుస 0.8, 0.2. రెండోది 0.4, 0.6.

జవాబు: నంపై లాంటి పైథాన్ లైబ్రరీని ఐగెన్ వెక్టర్ (మాత్రికతో హెచ్చిస్తే దిశ మారని వెక్టర్) అడిగితే అది కుడివైపు వెక్టర్ ఇస్తుంది. అడ్డు వరుసల మొత్తం 1గా ఉండే మాత్రికకు ఐగెన్ విలువ 1తో వచ్చే కుడి వెక్టర్‌లో అన్ని అంశాలూ సమానమే. దాన్ని మొత్తంతో భాగిస్తే సగం, సగం. మీకు కావలసింది ఎడమ వెక్టర్. మాత్రికను ట్రాన్స్‌పోజ్ చేసి, అంటే అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చి ఇవ్వండి. వచ్చిన వెక్టర్ రుణ సంఖ్యలతో వచ్చినా కంగారు పడనక్కర్లేదు, అంశాల మొత్తంతో భాగిస్తే గుర్తు దానంతటదే సరిపోతుంది.

చేత్తో అయితే ఇంకా తేలిక. మొదటి స్థితి నుంచి బయటికి పోయేది, అందులోకి వచ్చేది సమానం కావాలి. మొదటి దాని వాటా × 0.2 = రెండో దాని వాటా × 0.4. మొత్తం 1. కాబట్టి 2/3, 1/3. రెండో స్థితికి తిరిగి రావడానికి పట్టే సగటు అడుగులు 1/3కు విలోమం, అంటే 3. స్థితులు ఎక్కువున్నప్పుడు సమీకరణాల్లో ఒకటి ఎప్పుడూ అనవసరమే. దాన్ని తీసేసి "మొత్తం = 1" అన్నది పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ సున్నాల జవాబిస్తుంది, లేదా దోషం చూపిస్తుంది.

ఎంత త్వరగా స్థిరపడుతుందో రెండో ఐగెన్ విలువ చెబుతుంది. ఇక్కడ అది 0.8 + 0.6 − 1 = 0.4. ప్రతి అడుగుకూ తేడా 0.4 రెట్లవుతుంది. ఐదు అడుగుల తర్వాత మొదటి స్థితిలో ఉండే సంభావ్యత, మొదటి దాని నుంచి బయల్దేరితే 0.6701, రెండో దాని నుంచి అయితే 0.6598.

ప్రశ్న: నా గొలుసుకు స్థిర విభాజనం ఉంది కానీ మాత్రిక ఘాతాలు ఎప్పటికీ స్థిరపడడం లేదు.

జవాబు: ఆవర్తనం ఉందేమో చూడండి. రెండు స్థితుల మధ్య ప్రతి అడుగుకూ తప్పక అటూ ఇటూ మారే గొలుసుకు స్థిర విభాజనం సగం, సగమే. కానీ సరి అడుగుల్లో బయల్దేరిన చోటే ఉంటుంది, బేసి అడుగుల్లో ఎప్పుడూ ఉండదు. దీర్ఘకాలిక సగటు మాత్రం స్థిర విభాజనానికే చేరుతుంది. ఘాతాలే స్థిరపడాలంటే మాత్రికకూ యూనిట్ మాత్రికకూ సగటు తీసుకుని వాడండి. స్థిర విభాజనం మారదు, ఆవర్తనం పోతుంది.

ప్రశ్న: బస్సులు పాయిజాన్ ప్రక్రియగా (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, మారని సగటు రేటుతో), సగటున 10 నిమిషాలకొకటి వస్తాయి. ఏదో ఒక క్షణంలో స్టాపుకు వెళ్తే సగటు నిరీక్షణ 5 నిమిషాలు ఉండాలి కదా? పుస్తకం 10 అంటోంది. అచ్చుతప్పా?

జవాబు: అచ్చుతప్పు కాదు. పాయిజాన్ ప్రక్రియలో విరామాలు ఎక్స్‌పొనెన్షియల్, వాటికి జ్ఞాపకం ఉండదు. గత బస్సు పోయి ఎంతసేపైందన్న సమాచారం తర్వాతి బస్సు గురించి ఏమీ చెప్పదు. కాబట్టి మీరు ఎప్పుడు వచ్చినా ఇంకా సగటున 10 నిమిషాలే. వెనక్కి చూసినా అంతే, గత బస్సు పోయి సగటున 10 నిమిషాలైంది. అంటే మీరు వచ్చి పడిన విరామం సగటు పొడవు 20 నిమిషాలు.

"విరామాల సగటు 10 అయితే నాకు దొరికింది 20 ఎలా?" అన్నదే చాలామందిని పీడించే ప్రశ్న. ఎందుకంటే మీరు విరామాల్లోంచి ఒకదాన్ని చీటీ తీసి ఎంచుకోవడం లేదు. ఒక క్షణాన్ని ఎంచుకుంటున్నారు. పొడవాటి విరామాల్లో క్షణాలు ఎక్కువ కాబట్టి వాటిలో పడే అవకాశమూ ఎక్కువే. ఏ విరామాలకైనా పనిచేసే సూత్రం ఇది: సగటు నిరీక్షణ = విరామం వర్గపు సగటు ÷ (2 × విరామం సగటు). బస్సులు గడియారంలా సరిగ్గా 10 నిమిషాలకే వస్తే 100 ÷ 20 = 5. విరామాలు సగం 5, సగం 15 నిమిషాలైతే వర్గాల సగటు (25 + 225) ÷ 2 = 125, నిరీక్షణ 6.25. ఎక్స్‌పొనెన్షియల్‌కు వర్గపు సగటు 200, నిరీక్షణ 10. సగటు విరామం మూడింటిలోనూ 10 నిమిషాలే. నిరీక్షణను పెంచేది విస్తృతి, అంటే సగటు నుంచి ఉండే తేడాల వర్గాల సగటు.

డేటా సేకరించేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. స్టాపులో నిలబడ్డవాళ్ళను "మీ ముందు బస్సుకూ మీరెక్కిన బస్సుకూ మధ్య ఎంత?" అని అడిగి సగటు తీస్తే విరామం సగటు రాదు, అంతకన్నా పెద్దది వస్తుంది. డిపోలో బయల్దేరిన వేళలు రాసుకుని తీస్తే సరైనది వస్తుంది.

ప్రశ్న: ఒక లైనుకు గంటకు సగటున 3, ఇంకో లైనుకు 5 కాల్స్. రెండూ స్వతంత్ర పాయిజాన్ ప్రక్రియలు. గంటలో మొత్తం 8 వచ్చాయని తెలిస్తే, మొదటి లైనుకు సరిగ్గా 3 వచ్చే సంభావ్యత? దీనికి మళ్ళీ పాయిజాన్ సూత్రమే వాడాలా?

జవాబు: మొత్తం తెలిసిపోయాక పాయిజాన్ పక్కకు తప్పుకుంటుంది, ద్విపద విభాజనం వస్తుంది. ప్రతి కాలూ 3/8 సంభావ్యతతో మొదటి లైనుది. 56 × (3/8)^3 × (5/8)^5 = 0.2816. మొత్తం చెప్పకపోతే మొదటి లైనుకు 3 వచ్చే సంభావ్యత పాయిజాన్ నుంచి 0.224. రెండూ వేర్వేరు ప్రశ్నలు, వాటిని కలపకండి.

రెండు ప్రక్రియలను కలిపితే గంటకు 8 రేటుతో పాయిజాన్ వస్తుంది. ఒకదాన్ని విడదీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. వచ్చిన ప్రతి కాల్‌కూ నాణెం ఎగరేసి ఇద్దరికి పంచితే ఇద్దరికీ వచ్చేవి పాయిజానే, పైగా ఒకదానికొకటి స్వతంత్రం కూడా. ఒకటి విడిచి ఒకటి చొప్పున వంతులేసి పంచితే పాయిజాన్ కాదు. అప్పుడు ఒక్కొక్కరి విరామం రెండు ఎక్స్‌పొనెన్షియల్‌ల మొత్తం. సగటు రెండు పద్ధతుల్లోనూ ఒకటే, విస్తృతి మాత్రం వంతులేసినప్పుడు సగమే. పంపకం న్యాయంగానే ఉంటుంది, సూత్రమే చెల్లదు.

ప్రశ్న: నా లెక్కల్లో సగటు 5, విస్తృతి 14 వస్తున్నాయి. ఇది పాయిజాన్ అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. పాయిజాన్‌లో సగటు, విస్తృతి సమానం. మచ్చుకు 1898లో గణాంకవేత్త బోర్ట్‌కెవిచ్ ప్రచురించిన ప్రష్యా సైన్యపు లెక్క చూడండి. గుర్రాల తన్నులకు చనిపోయిన సైనికుల సంఖ్య, 10 దళాలకు 20 ఏళ్ళు, అంటే 200 పరిశీలనలు. ఒక్కరూ చనిపోని సందర్భాలు 109, ఒకరు 65, ఇద్దరు 22, ముగ్గురు 3, నలుగురు 1. మొత్తం మరణాలు 122, సగటు 0.61, విస్తృతి కూడా 0.61. సగటు 0.61 పెట్టి పాయిజాన్ సూత్రంతో లెక్కిస్తే 108.7, 66.3, 20.2, 4.1, 0.6 రావాలి. ఇంత చక్కగా అమరే డేటా అరుదు.

మీ అంకెలకు ఒక మామూలు కారణం ఉండొచ్చు: రేటే రోజుకొకలా మారుతుండడం. సగం రోజులు రేటు 2, సగం రోజులు 8 అనుకోండి, ఏ రోజు ఏదో ముందు తెలియదు. సగటు 5. విస్తృతి = రేటు సగటు 5 + రేటు విస్తృతి 9 = 14. సరిగ్గా మీకొచ్చిందే. కారణం ఇదేనని దీంతో రుజువు కాదు గానీ, రోజులను రెండు గుంపులు చేసి విడివిడిగా చూడడం మొదటి పని. రేటు ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉండి, ఆ మార్పు ముందే తెలిసిన పట్టిక ప్రకారం జరిగితే ఇబ్బంది లేదు. రేట్లను కాలం మీద కూడుకుంటే రోజు మొత్తం పాయిజానే. రేటే యాదృచ్ఛికమైతే మాత్రం ఉదయం చూసిన సంఖ్య సాయంత్రం గురించి కబురు మోసుకొస్తుంది, స్వతంత్రత పోతుంది.

ప్రశ్న: ఆగే సమయాన్ని, అంటే స్టాపింగ్ టైమ్‌ను, గుర్తుపట్టడం ఎలా?

జవాబు: "ఆగాలా?" అన్నదానికి ఆ క్షణం వరకు చూసినదాంతోనే అవును, కాదు చెప్పగలగాలి. విలువ మొదటిసారి 100 తాకినప్పుడు: అవును. మూడోసారి 100 తాకినప్పుడు: అవును. 100 తాకాక రెండు అడుగులు ఆగి: అవును. 100 తాకడానికి ఒక అడుగు ముందు: కాదు. రోజు మొత్తంలో అత్యధిక విలువ దగ్గర: కాదు. సున్నాను ఆఖరుసారి దాటినప్పుడు: కాదు. మొదటి 50 అడుగుల్లో 100 తాకితే అప్పుడు, లేకపోతే 50వ అడుగులో: అవును. ఈ చివరిదానికి హద్దు కూడా ఉంది, అది కింది జవాబులో పనికొస్తుంది.

ప్రశ్న: నాణెం ఆటలో ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తే, గెలిచిన రోజున నికరంగా ఒక బిళ్ళ లాభం. ఎప్పుడో ఒకప్పుడు బొమ్మ పడటం ఖాయం. అయితే సగటు లాభం 1. కానీ ఇది మార్టింగేల్ (ఇప్పటిదాకా తెలిసినదాన్ని బట్టి తర్వాతి విలువ సగటు ఇప్పటి విలువే అయ్యే ప్రక్రియ), సగటు 0 ఉండాలి. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, ఎందుకంటే అవి వేర్వేరు సమయాల గురించి చెబుతున్నాయి. ముందే నిర్ణయించుకున్న ఏ అడుగులోనైనా సగటు 0. యాదృచ్ఛికమైన ఆగే సమయంలో కూడా 0 అనడానికి ఆప్షనల్ స్టాపింగ్ సిద్ధాంతం కావాలి, దానికి షరతులున్నాయి. గణితవేత్త డూబ్ పేరుతో పుస్తకాల్లో కనిపించేవి ముఖ్యంగా మూడు. ఒకటి, ఆగే సమయానికి స్థిరమైన పైహద్దు ఉండాలి. లేదా, ఆగేలోపు ప్రక్రియ విలువ హద్దు దాటకూడదు. లేదా, ఆగే సమయపు సగటు పరిమితంగా ఉండి, ఒక్కో అడుగులో వచ్చే మార్పుకు హద్దు ఉండాలి. ఇందులో ఏ ఒక్కటైనా చాలు.

రెట్టింపు ఆటలో ఆగే సమయపు సగటు 2 అడుగులే, ముచ్చటగా చిన్నది. మూడో షరతులో మొదటి సగం తీరింది. కానీ పందేలకు హద్దు లేదు, రెండో సగం పోయింది. ఎన్ని అడుగులు పడుతుందో ముందు చెప్పలేం, మొదటి షరతూ పోయింది. గెలిచే ముందు పడిన నష్టం సగటు తీయండి. మొదటి పందెంలోనే గెలిస్తే 0, రెండోదానిలో 1, మూడోదానిలో 3, తర్వాత 7, 15. వీటిని 1/2, 1/4, 1/8, 1/16, 1/32 తో హెచ్చించి కూడితే 0 + 1/4 + 3/8 + 7/16 + 15/32 అంటూ పోతుంది. ప్రతి పదమూ సగానికి దగ్గరవుతోంది కాబట్టి మొత్తం అనంతం. అంటే ఆ ఒక్క బిళ్ళ లాభం కోసం సగటున చేతిలో ఉండాల్సిన పెట్టుబడికి హద్దే లేదు.

పెట్టుబడి 1,023 బిళ్ళలే అయితే పది పందేలకు సరిపోతుంది. గెలిచే సంభావ్యత 1,023/1,024, లాభం 1. అన్నీ ఓడే సంభావ్యత 1/1,024, నష్టం 1,023. సగటు సరిగ్గా 0. సమయానికి హద్దు పెట్టగానే సిద్ధాంతం తిరిగొచ్చింది.

దీనికి జోడీగా ఇంకో ఆట చూడండి. ప్రతిసారీ ఒక్క బిళ్ళే పందెం, మొదటిసారి నికర లాభం 1 కాగానే ఆగాలి. అప్పుకు పరిమితి లేదు. ఇక్కడ కూడా ఆగడం ఖాయం, ఆగినప్పుడు విలువ 1, మొదలు 0. అడుగుల మార్పు 1 దాటదు కాబట్టి ఈసారి తప్పిన షరతు వేరే: ఆగే సమయపు సగటు అనంతం. పరీక్షలో "షరతులు తీరాయి" అని ఒక్క ముక్కలో రాసేవాళ్ళు ఈ రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టుకుని, ఏ షరతు ఎక్కడ తెగిందో రాసి చూడాలి.

ప్రశ్న: 50 బిళ్ళలతో మొదలుపెట్టి, ఒక్కో బిళ్ళ పందెంతో 100 చేరాలి. న్యాయమైన ఆటలో సగం అవకాశం. 38 గడుల రూలెట్‌లో 18 ఎరుపు గడుల మీద ఆడితే కొంచెం తగ్గుతుందేమో. ఎంత?

జవాబు: కొంచెం కాదు. ఓడే సంభావ్యతను గెలిచే సంభావ్యతతో భాగిస్తే 20/18, అంటే 10/9. చేతిలో ఉన్న బిళ్ళల సంఖ్యను ఘాతంగా పెట్టి 10/9కు తీసుకుంటే అది మార్టింగేల్ అవుతుంది. ఒక అడుగుకు సరిచూడండి: 18/38 × 10/9 + 20/38 × 9/10 = 20/38 + 18/38 = 1. విలువ రెండు హద్దుల మధ్యే ఉంటుంది కాబట్టి సిద్ధాంతం వర్తిస్తుంది. ఫలితం: 100 చేరే సంభావ్యత 1 ÷ (1 + (10/9)^50). (10/9)^50 సుమారు 194 కాబట్టి జవాబు 195లో ఒక వంతు, 0.0051.

సమయం కూడా మార్టింగేలే ఇస్తుంది. న్యాయమైన ఆటలో లాభనష్టాల వర్గంలోంచి అడుగుల సంఖ్య తీసేస్తే మార్టింగేల్. ఆగినప్పుడు వర్గం ఎటైనా 50 × 50 కాబట్టి సగటున 2,500 పందేలు. రూలెట్‌లో ఒక్కో పందానికి సగటు నష్టం 1/19. ఆగినప్పుడు చేతిలో మిగిలే సగటు 0.51, పోయింది 49.49. దాన్ని 19తో హెచ్చిస్తే దాదాపు 940 పందేలు. అదే 50 బిళ్ళలూ ఒక్కసారే ఎరుపు మీద పెడితే అవకాశం 18/38, అంటే 0.474. నష్టం వైపు మొగ్గిన ఆటలో మెల్లగా ఆడటమే అన్నిటికన్నా చెడ్డ వ్యూహం.

ప్రశ్న: ‘బొమ్మ బొమ్మ’, ‘బొమ్మ బొరుసు’ రెంటికీ సంభావ్యత 1/4 చొప్పునే. మొదటిది కనబడడానికి సగటున 6 టాస్‌లు, రెండోదానికి 4 అని ఎలా వస్తుంది?

జవాబు: మార్కోవ్ గొలుసుతో ముందు చేద్దాం. ఇంకా ఏమీ చేతికి రాని స్థితి నుంచి పట్టే సగటును ‘అ’ అనీ, ఒక బొమ్మ పడిన స్థితి నుంచి పట్టేదాన్ని ‘ఇ’ అనీ అనుకోండి. రెంటికీ అ = 1 + అ/2 + ఇ/2. ‘బొమ్మ బొమ్మ’కు బొరుసు పడితే మొదటికే వస్తాం: ఇ = 1 + అ/2. కలిపితే అ = 6. ‘బొమ్మ బొరుసు’కు బొరుసు బదులు బొమ్మ పడినా ఒక బొమ్మ చేతిలోనే ఉంది: ఇ = 1 + ఇ/2, ఇ = 2, అ = 4. తేడా ఆ ఒక్క సమీకరణంలోనే ఉంది.

మార్టింగేల్ దారి ఇంకా పొట్టిది. ప్రతి టాస్‌కూ ముందు ఒక కొత్త ఆటగాడు ఒక బిళ్ళతో వచ్చి మొదటి గుర్తు మీద పెడతాడు. గెలిస్తే చేతికొచ్చిన 2 బిళ్ళలూ తర్వాతి గుర్తు మీద పెడతాడు, అదీ గెలిస్తే 4. ఓడితే వెళ్ళిపోతాడు. ఆట న్యాయమైనది కాబట్టి ఆగిన క్షణంలో అందరి చేతుల్లో ఉన్న మొత్తపు సగటు, అందరూ తెచ్చిన మొత్తపు సగటుతో సమానం. తెచ్చింది టాస్‌కు ఒకటి చొప్పున. ‘బొమ్మ బొమ్మ’ పడి ఆగినప్పుడు చివరి నుంచి రెండోవాడి దగ్గర 4, చివరివాడు కూడా బొమ్మ మీదే పెట్టాడు కాబట్టి అతని దగ్గర 2. మొత్తం 6. ‘బొమ్మ బొరుసు’లో చివరివాడు ఓడిపోయాడు, కాబట్టి 4 మాత్రమే. మూడు గుర్తులకూ ఇదే: మూడు బొమ్మలకు 8 + 4 + 2 = 14, బొమ్మ-బొరుసు-బొమ్మకు 8 + 2 = 10, బొమ్మ-బొమ్మ-బొరుసుకు 8.

షరతులు తీరాయా? రెండేసి టాస్‌ల ప్రతి జతలోనూ కావలసింది పడే సంభావ్యత 1/4 కాబట్టి సమయపు సగటు పరిమితమే. ఏ సమయంలోనైనా ఇద్దరికి మించి ఆటలో ఉండరు కాబట్టి ఒక్కో టాస్‌కు చేతులు మారే బిళ్ళలకూ హద్దుంది. మూడో షరతు పూర్తిగా తీరింది.

6, 4 చూసి ‘బొమ్మ బొరుసు’ ముందు వస్తుందని పందెం కట్టకండి. ఒకే నాణెం వరుసలో ఈ రెంటిలో ఏది ముందు కనబడుతుందంటే చెరి సగమే. మొదటి బొమ్మ పడ్డాక, ఆ వెంటనే పడే టాస్ ఒక్కటే దాన్ని తేల్చేస్తుంది.